గొంతునొప్పే కదా అని వదిలేయకండి

బడినుంచి వచ్చిన పిల్లవాడు అన్నం మింగలేకపోతున్నానంటాడు. ఒళ్లు కాలుతుంటుంది. మందుల షాపులో లక్షణాలు చెప్పి నాలుగు మాత్రలు తెస్తాం. రెండు రోజులకు జ్వరం దిగుతుంది, మిగతా మాత్రలు ఫ్రిజ్ మీద పడి ఉంటాయి. అమ్మలారా, అయ్యలారా, మనం చేజేతులా ప్రమాదం తెచ్చుకునేది ఇక్కడే.

గొంతునొప్పులు చాలావరకు వైరస్‌లవే. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోతే వాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. కానీ 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు జలుబూ దగ్గూ లేకుండా ఉన్నట్టుండి జ్వరం, మింగితే నొప్పి వచ్చాయంటే అనుమానించండి. టార్చి వేసి నోరు తెరిపించండి. టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బాయా? వాటిమీద తెల్లటి చీము మచ్చలున్నాయా? దవడ కింద బిళ్ల కట్టి, తాకితే నొప్పంటున్నాడా? అది ఎ గ్రూపు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి పని కావచ్చు. డాక్టరుకు చూపించాల్సిందే.

ఈ సూక్ష్మజీవి అసలు దెబ్బ గొంతు మీద కాదు. దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన రక్షణశక్తి కొందరు పిల్లల్లో దారితప్పి సొంత గుండెమీదే పడుతుంది. రెండు మూడు వారాలు గడుస్తాయి, గొంతు సంగతి అందరూ మరిచిపోతారు. అప్పుడు మోకాలు వాస్తుంది. అది తగ్గుతుండగానే చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. ఎదిగే వయసు నొప్పులంటూ నూనె రాస్తాం. కొందరికి నెలల తర్వాత చేతులు వాటంతటవే కదులుతాయి, చేతిరాత చెడుతుంది. అల్లరని కొడతాం, పాపం. అది రుమాటిక్ జ్వరం. కీళ్లు బాగుపడతాయి. గుండె కవాటం దెబ్బతింటే ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కొందరు ఆడపిల్లలకు కడుపుతో ఉండగా ఆయాసం వచ్చి, అప్పుడు తెలుస్తుంది.

ఇంత ముప్పుకు మందు మాత్రం చవకే. పాత పెన్సిలిన్‌కు ఈ సూక్ష్మజీవి ఇప్పటికీ లొంగుతుంది. జబ్బు మొదలైన తొమ్మిది రోజుల్లోపు సరైన మందు పడితే రుమాటిక్ జ్వరాన్ని దాదాపు ఆపవచ్చు. పది రోజుల మాత్రలు రాస్తే పది రోజులూ వేయండి. షాపువాడి సలహాతో కోర్సు మార్చకండి. పెన్సిలిన్ పడని పిల్లలైతే డాక్టరుకు ముందే చెప్పండి.

గొంతే కాదు, చర్మమూ చూసుకోండి. ఇదే సూక్ష్మజీవి చర్మం మీదా పడుతుంది. చీము పుండ్లు మానాక ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే కిడ్నీల మీద దెబ్బ పడినట్టే. చిన్న గాయం చుట్టూ నొప్పి గాయానికి మించి గంటగంటకూ పెరుగుతుంటే ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తండి.

హాస్టల్ వార్డెన్లకు ఒక మనవి. పక్కపక్కన పడుకునే గదుల్లో ఈ సూక్ష్మజీవి దగ్గు తుంపర్లతో ఇట్టే పాకుతుంది. గొంతునొప్పి, జ్వరం ఉన్న పిల్లను ఉప్పునీళ్లతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి.

ఇక రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలున్న ఇళ్లకు. మూడు నాలుగు వారాలకోసారి వేయించమన్న పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి సాగాలి. నొప్పని పిల్ల ఏడుస్తుంది, పరీక్షలుంటాయి, పెళ్లిళ్లుంటాయి. ఒక్కటి తప్పినా మళ్లీ జ్వరం తిరగబెట్టవచ్చు, తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త పాడవవచ్చు. ఈ సూక్ష్మజీవికి టీకా ఇంకా రాలేదు. ఇంజెక్షన్ చీటీ తీసి, తర్వాతి తేదీ చూడండి. దాటిపోయి ఉంటే రేపు పొద్దున్నే తీసుకెళ్లండి.