ఆఖరి ప్రతి ఎవరి ప్రతి?

టోలిచౌకి ఇరుకు గదిలో ఒక సహాయ రచయిత రాత్రంతా కూర్చుని రాసిన సన్నివేశం, మర్నాడు ఫిల్మ్‌నగర్ కథాచర్చకు చేరేసరికి అనాథ అవుతుంది. "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అనే ఫైళ్ళు చేతులు మారుతుంటాయి. ఏ సంభాషణ ఎవరిదో చెప్పే ఆధారం ఒక్కటీ మిగలదు. "సృజనకు లెక్కలెందుకండీ?" అనే పెద్దమనుషులను చూస్తే ఒళ్ళు మండుతుంది. పారితోషికానికి ఉన్న లెక్క పంక్తికి ఎందుకుండకూడదు?

సాఫ్టువేరువారు ఈ చిక్కును ఏనాడో విప్పుకున్నారు. 2005లో లినక్స్ కెర్నెల్ బృందానికి బిట్‌కీపర్ ఉచిత వాడుక ఆగిపోయినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను నిర్మించాడు. నిత్యం కావలసిన ఆజ్ఞలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సన్నివేశం ముగిశాక "యాడ్", పిదప ఒక వాక్యం వివరణతో "కమిట్". ఏం మారిందో "డిఫ్" చూపుతుంది. ఎవరు, ఎప్పుడు మార్చారో "లాగ్" చెబుతుంది. "బ్లేమ్" అయితే ప్రతి పంక్తి పక్కనా దానిని చివరగా మార్చినవారి పేరు నిలుపుతుంది (పేరుకు నింద, పనికి న్యాయం!). మరో ముగింపు రాసి చూడాలంటే "బ్రాంచ్" తీసి, నచ్చితే "మెర్జ్" చేస్తారు. నచ్చకున్నా అసలు ప్రతి చెక్కుచెదరదు.

"సంఘంలో కథ నమోదు చేయిస్తున్నాం కదా" అంటారు. నమోదు ఒకనాటి ఒక ప్రతికి మాత్రమే సాక్ష్యం. ఆపై నెలల తరబడి సాగే మార్పులకు సాక్షి ఎవరు? 2012 కాపీరైటు సవరణ, థియేటరు ప్రదర్శన కాక ఇతర వినియోగాలపై సినిమా రచయితకు వదులుకోవీలులేని రాయల్టీ హక్కునిచ్చింది. రచయిత ఎవరో తేలనిచోట ఆ హక్కు ఎవరికి చేరుతుంది?

అయితే గిట్ ధర్మరాజు కాదు. పేరూ తేదీ మనమిచ్చినవే రాసుకుంటుంది. సహాయకుని సన్నివేశాన్ని పెద్ద రచయిత తన యంత్రంలో అతికించి కమిట్ చేస్తే బ్లేమ్‌లో కనబడేది పెద్దాయన పేరే. "రీబేస్" చేసి "పుష్ ఫోర్స్" కొడితే సర్వరు మీది చరిత్రే మారిపోతుంది. కనుక సహాయకుడు తన కమిట్ తానే చేయాలి, ఒక "క్లోన్" తనవద్ద ఉంచుకోవాలి. మామూలుగా తీసిన క్లోన్‌లో అప్పటివరకు జరిగిన చరిత్రంతా ఉంటుంది. పాత కమిట్‌ను ఎవరైనా దిద్దితే దాని తరువాతి వాటి గుర్తింపు సంఖ్యలన్నీ మారతాయి. రెండు ప్రతులనూ పక్కపక్కన పెడితే గుట్టు రట్టవుతుంది.

మన తెలుగువారికి మరో పీడ ఉంది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యంత్రానికి తెలుగు కాదు, రోమను అక్షరాల గందరగోళం. డిఫ్ చూపినా చదవలేము. వర్డ్ ఫైలైతే "మారింది" అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. యూనికోడులో, సాదా పాఠ్యంగా, సంభాషణకొక పంక్తి చొప్పున రాసుకోవాలి. తెలుగు ఫైలు పేర్లను గిట్ అంకెల వరుసగా చూపి బెదరగొడితే "కోర్.కోట్‌పాత్" అమరికను "ఫాల్స్" చేస్తే చాలు.

యూనికోడు కోసం పోరాడిన మిత్రులారా, మీలో ఎందరికో పగలంతా గిట్‌తోనే కాపురం. టోలిచౌకిలో ఒక్క సహాయ రచయిత పక్కన ఒక అరగంట కూర్చోండి. "గిట్ ఇనిట్" కొట్టడానికి రూపాయి ఖర్చు లేదు, నిర్మాత అనుమతీ అక్కరలేదు.