చిరునామా మనిషి కోసమా? యంత్రం కోసమా?

ఇవాళ పరీక్ష ఫీజు కట్టాలన్నా, ఫలితాలు చూసుకోవాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా ముందుగా కావలసింది ఒక వెబ్ చిరునామా. ఒకప్పుడు నోటీసు బోర్డు చేసిన పని ఇప్పుడు అది చేస్తోంది. మరి ఆ చిరునామా ఎలా ఉండాలన్నది మనలో ఎందరం ఆలోచించాం? అది కంప్యూటర్ వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకుంటాం. కాదు, అది మనందరి గొడవే అని నా అభిప్రాయం.

ఒక సైటులో ఫలితాల పేజీ చిరునామా చివర "ఇండెక్స్.పీహెచ్‌పీ?పేజీ=17&ఐడీ=4827" అని ఉందనుకోండి. ఇంకో సైటులో "ఫలితాలు/బీఎస్సీ/2024" అని ఉందనుకోండి. రెండూ చూపించేది ఒకే పట్టిక. మొదటిది సర్వరు తనలో తాను మాట్లాడుకునే భాష: ఏ ప్రోగ్రాము నడపాలి, డేటాబేసులోంచి ఏ నంబరు వరస తియ్యాలి అన్నది. రెండవది మనిషితో మాట్లాడుతుంది. నొక్కకముందే లోపల ఏముందో చెబుతుంది. 2023 ఫలితాలు కావాలంటే ఎక్కడ మార్చాలో వేరే చెప్పనక్కర్లేదు.

మా నాన్నగారి దగ్గరున్నది బటన్ల ఫోను. రైతుల పథకం ఒకదానికి దరఖాస్తు పెట్టాలని నెట్ సెంటరుకు వెళ్ళి, అక్కణ్ణుంచి నాకు ఫోను చేశారు. "ప్రశ్నార్థకం, తర్వాత ఐడీ, తర్వాత ఈక్వల్స్..." అని నేను చెప్పుకుపోతుంటే, "ఇదంతా నావల్ల కాదుగానీ, ఆదివారం నువ్వే వచ్చి నింపు" అన్నారు. ఆయనకు చదువు రాక కాదు. ఆ చిరునామా చదవడానికి పుట్టింది కాదు!

మా పల్లెల్లో పొలానికి రెండు గుర్తులుంటాయి. పాసుపుస్తకంలో సర్వే నంబరు ఒకటి, ఇంట్లో "తాడిచెట్ల చేను" అనే పేరొకటి. నంబరు లేకపోతే రెవెన్యూ వాళ్ళకు కుదరదు. పేరు లేకపోతే కూలీలను ఏ చేలోకి రమ్మనాలో తెలియదు. రెండూ కావాలి. కాని ఈ పేరుకు ఆ నంబరని చూసి కలిపే చాకిరీ ఎవరు చెయ్యాలి? సెకనుకు కోట్ల లెక్కలు చేసే యంత్రమా, క్యూలో నిలబడ్డ మనిషా? నా వాదమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

యంత్రమే చెయ్యగలదు, ఎప్పటినుంచో చేస్తోంది కూడా. అపాచీ సర్వరుకోసం మాడ్ రీరైట్ అనే భాగాన్ని రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే ఆయన 1996లో రాసి, 1997లో అపాచీ బృందానికి ఇచ్చేశాడు. దాని పని తేలిక. "ఫలితాలు అని మొదలై, తర్వాత కోర్సు పేరు, తర్వాత నాలుగంకెల సంవత్సరం వస్తే, ఫలానా ప్రోగ్రాముకు ఆ రెండు ముక్కలూ అందించు" అని సర్వరులో ఒక నియమం రాసిపెడతారు. చూసేవాడికి మంచి చిరునామాయే కనిపిస్తుంది, లోపల పాత ప్రోగ్రామే నడుస్తుంది. వేల పేజీలకు వేల నియమాలక్కర్లేదు. ఒక తీరు పేజీలన్నిటికీ ఒక్క నియమం చాలు.

ఉదాహరణ మన భాషలోనే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ లోపల ఒక నంబరుంది. కాని "వరి" వ్యాసం చిరునామా చివర ఉండేది వరి అన్న మాటే!

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. తెలుగు చిరునామాను కాపీ చేసి మరోచోట అతికిస్తే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాల దండగా మారిపోతుంది. కారణం, తెలుగు అక్షరం గాని గుణింతపు గుర్తు గాని యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. ఒక్కో బైటుకూ మూడేసి గుర్తులు. ఆ లెక్కన వ, ర, గుడి కలిసిన "వరి" 27 గుర్తులవుతుంది! అంతమాత్రాన తెలుగు వద్దనుకోవాలా? వద్దు. చూడటానికి తెలుగు పేరు, కాగితం మీద అచ్చుకు ఒక పొట్టి చిరునామా పెట్టి, రెండో దానినుంచి మొదటిదానికి సర్వరే దారి చూపితే సరిపోతుంది.

పేరు బాగుంటే చాలదు, నిలబడాలి కూడా. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీనిమీద ఒక వ్యాసం రాశాడు. చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారన్నది ఆయన ఫిర్యాదు. రచయిత పేరు, సాఫ్ట్‌వేరును పట్టిచ్చే తోకలు అందులో పెట్టొద్దన్నాడు. పేజీ పుట్టిన తేదీ మాత్రం ఎన్నటికీ మారదు గనుక పెట్టొచ్చన్నాడు. ఎంత నిజం! కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందని సైటు మారుస్తారు, పాత ప్రశ్నపత్రాల లింకులన్నీ ఒక్క రాత్రిలో 404 అవుతాయి. "శాశ్వతంగా ఇక్కడికి మారింది" అని చెప్పే 301 అనే జవాబు ఉండగా, "లేదు పొమ్మ"ని చెప్పడం ఏం మర్యాద?

"ఈ రోజుల్లో చిరునామా ఎవరు చూస్తారు, గూగుల్‌లో వెతుక్కుంటారు గదా?" అని మిత్రులంటారు. వెతకడం తెలిసినవాడికి సరే. కాని వాట్సాప్‌లో వచ్చిన లింకు అసలుదో మోసమో తేల్చుకోవాలంటే చదవాల్సింది చిరునామానే. చదవలేని చిరునామాలకు జనాన్ని అలవాటు చేస్తే, మోసగాడి పని మనమే తేలిక చేసినట్టు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నంబరు దాచినంత మాత్రాన భద్రత రాదు. ఒకరి మార్కులు మరొకరికి కనిపించకుండా ఆపాల్సింది ప్రోగ్రాములోని అనుమతి తనిఖీ, చిరునామా అందం కాదు.

సోదర విద్యార్థులారా! ఇందుకు లక్షల నిధులక్కర్లేదు. మన కళాశాల సైటు పేజీలకు మంచి పేర్లు పెట్టి, పాత లింకుల జాబితా తయారుచేసి, ఒక్కోదానికి 301 రాయడం కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు చక్కని ప్రాజెక్టు అవుతుంది. అధ్యాపకులు అనుమతించాలి, యూనియన్ పూనుకోవాలి. ఈ సంచికలో అచ్చయ్యే ప్రతి లింకూ పదేళ్ళ తర్వాత ఈ పుస్తకం తెరిచేవాడికి కూడా తెరుచుకోవాలి. ఆ పూచీ మనం తీసుకోలేమా?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం