ఏడాదికో దుప్పటి కాదు, వారానికి రెండు గంటలు



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో దుప్పట్ల పంపిణీ మొదలవుతుంది. వృద్ధులను వరుసగా కుర్చీల్లో కూర్చోబెడతారు, వెనుక బ్యానరు కడతారు, పాస్టరుగారూ సంఘపెద్దలూ దుప్పటికి చెరో కొన పట్టుకొని ఫొటో దిగుతారు. దుప్పటి అక్కరలేదని మేము అనడం లేదు, చలి నిజమే. అయితే జనవరి నుండి నవంబరు దాకా ఆ అవ్వకు నీళ్ల క్యాను ఎవరు మోస్తున్నారు?

ఈ ప్రశ్నను వల్లూరులో నిలబడి అడుగుదాం. తుమకూరు జిల్లా పావగడ తాలూకా పటం చూడండి. కర్ణాటకలోనే ఉన్నా దానికి మూడు వైపులా ఆంధ్రే. ఇంట్లో మాట తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడ. వల్లూరు పేరు వినని వారు కూడా అక్కడి సోలార్ పార్కు గురించి వినే ఉంటారు. వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ల పొలాల్లో, దాదాపు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. 2018 మార్చి 1న ప్రారంభమై, 2019 చివరికి పూర్తి స్థాయికి చేరింది. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం.

వానలు లేక శనక్కాయ పంట ఎండిపోయిన ఏళ్లు చూసిన రైతుకు ఆ కౌలు ఒక ఊరటే. దాన్ని తక్కువ చేయము. కానీ కౌలు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన భూమిలేని కుటుంబాలకు, గొర్రెలు మేపుకున్నవారికి, పని పోయిందే తప్ప కౌలు రాలేదు. పలకలు తుడిచే పనీ, కాపలా పనీ ఎందరికి సరిపోతాయి? పిల్లలు బెంగళూరు బస్సెక్కారు. కరువు రోజుల నుండీ ఎక్కుతూనే ఉన్నారనుకోండి, నేరమంతా పార్కు మీద వేయలేం. ఎందుకు వెళ్లినా, ఇంటి దగ్గర మిగిలింది మాత్రం అవ్వా తాతలే.

వాళ్లకు కావలసింది ఏమిటో వాళ్ల గుమ్మంలో కూర్చుంటే తెలుస్తుంది. మొదటిది నీళ్లు. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య పాతది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. అందుకని శుద్ధి చేసిన నీళ్లు తాగమంటాం. ఆ నీళ్లు ఇరవై లీటర్ల క్యానులో వస్తాయి, అంటే ఇరవై కిలోలు. ఫ్లోరైడు వల్ల మోకాళ్లు పోయిన మనిషే, ఆ ఫ్లోరైడు లేని నీళ్ల కోసం ఇరవై కిలోలు మోయాలి. మోయలేక మళ్లీ బోరు నీళ్లే తాగుతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది పది నిమిషాల పని.

రెండవది కాగితం. కర్ణాటకలో 65 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు సంధ్యా సురక్ష పథకం కింద నెలకు 1,200 రూపాయల పింఛను ఉంది. అర్జీ నాడకచేరీలో పెట్టుకోవాలి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతాకు ఆధార్ జత కాకపోతే ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పే కాగితం కన్నడలో ఉంటుంది. తెలుగు మాత్రమే మాట్లాడే అవ్వకు, అందులోనూ అక్షరమే రాని అవ్వకు, ఆ కాగితం ఎవరు చదవాలి? జీవితమంతా కూలి చేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి రేషన్ షాపులో మిషను పట్టకపోతే, మరో దారి ఉందా అని డీలరును ఎవరు అడగాలి? అదే ఊళ్లో కన్నడ మాధ్యమంలో చదివిన మన పిల్లలు ఉన్నారు. వాళ్ల చేతిలో ఫోను కూడా ఉంది.

ఇది సంఘానికి సంబంధించిన సంగతి కాదనేవారు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మరోసారి తెరవాలి. యెరూషలేము సంఘంలో మొట్టమొదటి సణుగు సిద్ధాంతం గురించి పుట్టలేదు. అనుదిన పంపిణీలో ఒక భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారని పుట్టింది. గ్రీకు మాట్లాడేవారు అక్కడ బయటి భాషవారు. అపొస్తలులు ఆ సణుగును గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, అంటే నష్టపోయిన వారి భాష తెలిసినవారి చేతికే బాధ్యత అప్పగించినట్టు. స్తెఫనును మనం హతసాక్షిగానే తలచుకుంటాం. ఆయనకు సంఘం మొదట అప్పగించింది ముసలి విధవరాండ్ర భోజనం బల్ల. రెండు భాషల మధ్య నలిగే పావగడ వంటి చోట ఈ అధ్యాయం మీద ప్రసంగం విన్నవారు ఎందరు?

ఇక 'వాలంటీర్' అనే మాట. సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఈ మాటకు అర్థమే మారిపోయింది. 2019 ఆగస్టు 15న అక్కడ యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో వాలంటీర్లను పెట్టారు. ఒకటో తారీఖున పింఛను ఇంటికే వచ్చింది. వృద్ధులకు అది గొప్ప సౌకర్యమే. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వాళ్లను పంపిణీకి దూరంగా ఉంచమంది. ఆ ఏప్రిల్ ఎండల్లో ముసలివాళ్లు సచివాలయాల దగ్గర పడిగాపులు పడ్డారు. తప్పెవరిదో పార్టీలు తేల్చుకోనివ్వండి. మాకు తోచింది ఒక్కటే: ఉత్తర్వుతో వచ్చిన సహాయం ఉత్తర్వుతో ఆగింది. ఆ రోజు ఆ వీధుల్లో బైకు ఉన్న మన యవనస్థులు లేరా?

ఆంధ్రలో ఇప్పుడు వృద్ధాప్య పింఛను 4,000. గట్టు దాటి ఇవతలికొస్తే 1,200. అవే ఎముకలు, అవే మందుల ధరలు. ఈ తేడా గురించి మనం మాట్లాడకుండా క్యాను మోసి ఊరుకుంటే మన సేవ ప్రభుత్వానికి సాకు అవుతుంది. పని చేయాలి, అడగాలి కూడా. ఏ వీధిలో ఎందరికి పింఛను ఆగిందో రాసుకున్న నోటు పుస్తకం గ్రామసభకు, పింఛను అదాలత్‌కు వెళ్లాలి.

పిల్లలు చూసుకోవాలి గదా అంటారు. నిజమే. తన ఇంటివారిని సంరక్షించనివాడి గురించి పౌలు తిమోతికి ఎంత కఠినంగా రాశాడో మనకు తెలుసు. దేవునికి అర్పించానన్న కొర్బాను పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవారిని యేసు ప్రభువు మార్కు 7లో నిలదీశాడు. దశమభాగం తప్పకుండా తెచ్చే కుమారుడి తల్లి ఊళ్లో ఎలా ఉందో పాస్టర్లమైన మనం అడగాలి. మాటతో వినకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది, సబ్‌డివిజన్ స్థాయిలో ట్రిబ్యునల్ ఉంది. 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది. అయినా బెంగళూరులో పది వేల అద్దె కడుతూ కూలి చేసుకునే కొడుకును దోషిగా నిలబెట్టే ముందు కాస్త ఆలోచించండి.

మరో రెండు చిక్కులు చెప్పకపోతే ఈ మాటలు అసంపూర్ణం. కర్ణాటకలో 2022 నాటి మత మార్పిడి నిరోధక చట్టం తర్వాత మనం చేసే ప్రతి మేలూ ప్రలోభమనే అనుమానానికి గురవుతోంది. కాబట్టి నీళ్లు తీసుకెళ్లే చేతిలో కరపత్రం వద్దు. భయపడి కాదు, మేలుకు వెల కట్టకూడదు కాబట్టి. ఆ వీధిలోని హిందూ, ముస్లిం కుర్రాళ్లను కూడా కలుపుకోండి. పావగడలోనే రామకృష్ణ సేవాశ్రమం స్వామి జపానంద నాయకత్వంలో కుష్ఠు, క్షయ రోగులకు, కంటి చూపు పోయినవారికి ఏళ్లుగా సేవ చేస్తోంది. చూసి నేర్చుకోవడానికి మనకు నామోషీ ఎందుకు?

రెండవది కులం. ఎస్సీ కాలనీ నుండి వచ్చిన పిల్లవాడు మోసుకొచ్చిన క్యానును పైవీధి ముసలాయన గడప బయటే పెట్టమనవచ్చు. అలాంటప్పుడు ఆ పిల్లవాడిని ఒంటరిగా పంపి, ఓర్చుకోమని వాక్యం చెప్పడం మాకు సమ్మతం కాదు. సంఘపెద్ద తోడు వెళ్లాలి, మాట్లాడవలసింది ఆయన మాట్లాడాలి. అంతకన్నా ముందు కాలనీలోని అవ్వల ఇళ్లు చూడాలి, ఎందుకంటే అక్కడికి ఎవరూ రారు.

అందుకని యవనస్థుల కూటాలకు మా విన్నపం. పెద్ద కార్యక్రమం ఏదీ వద్దు. ఒక్కొక్కరు తమ ఇంటికి దగ్గరలో ఒంటరిగా ఉన్న ఒక్క ముసలి మనిషిని ఎంచుకోండి, వారానికి రెండు గంటలు ఇవ్వండి. శనివారం సాయంత్రమైతే శనివారమే, రోజు మారకూడదు. ఎదురుచూసేవారికి అది ముఖ్యం. క్యాను నింపండి, మాత్రల చీటీ చదివి పెట్టండి, బెంగళూరులోని కొడుక్కి ఫోను కలిపి ఇచ్చి మీరు పక్కకు జరగండి. పాసు పుస్తకం చూసినప్పుడు ఆ అంకెలు ఎవరికీ చెప్పకండి, ఏటీఎం కార్డు మీ చేతికి ఇచ్చినా తీసుకోకండి, బ్యాంకుకు తోడు వెళ్లండి. పరీక్షలొస్తే మీ బదులు ఎవరు వెళ్తారో ముందే చెప్పండి. ఫొటోలు మాకు పంపనక్కరలేదు. ఎవరి పింఛను ఎన్ని నెలలుగా ఆగిందో, నాడకచేరీలో ఏమన్నారో మీ సంఘపెద్దలకు రాసివ్వండి. వచ్చే గ్రామసభకు ఆ పుస్తకం పట్టుకొని వాళ్లతో కలిసి వెళ్లండి.