పటంలోని పుర్రె, మనలోని పుర్రె

విద్యార్థులారా! పుర్రెలో మొత్తం 22 ఎముకలుంటాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. పటం గీసి, భాగాల పేర్లు రాస్తే మార్కులూ వస్తాయి. అయితే ఆ పటం ఎవరి పుర్రెది? ఏ ఒక్కరిదీ కాదు. ఎందరిలోనో కనిపించే సామాన్య రూపం అది. ఈ సంగతి పాఠంలోనే స్పష్టంగా చెప్పాలని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

మెదడు పుర్రె అడుగుభాగం మీద ఆని ఉంటుంది. ఆ అడుగున, నడిమధ్యలో స్ఫినాయిడ్ అనే ఎముక ఉంది. చూడటానికి రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుంది. అందుకే దాన్ని జతూకాస్థి అని కూడా అంటారు. జతూక అంటే గబ్బిలం. దాని పైనున్న చిన్న గుంటలో బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి అమరి ఉంటుంది. ఎముక లోపల గాలితో నిండిన గది ఉంటుంది. పిట్యూటరీలో కణితి పెరిగితే వైద్యులు ముక్కులోంచి ఈ గది గుండా వెళ్ళి దాన్ని తీస్తారు. ముక్కు మార్గాన ఈ శస్త్రచికిత్సను మొదట చేసినవాడు ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ ష్లోఫర్, 1907లో.

ఈ గది అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో విశాలం, కొందరిలో ఇరుకు. అరుదుగా గది ఏర్పడక గట్టి ఎముకే ఉంటుంది. గది లోపలి అడ్డుగోడ సరిగ్గా మధ్యలోనే ఉండాలని లేదు. పక్కకు ఒరిగి, మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమనిని కప్పిన ఎముకకు అంటుకుని ఉండవచ్చు. ఆ ధమనినీ, కంటి నాడినీ కప్పిన ఎముక కొందరిలో కాగితంలా పలుచగా ఉంటుంది. కొందరిలో అక్కడక్కడ అసలే ఉండదు. పటాన్నే నమ్మి అడ్డుగోడను గట్టిగా లాగితే ధమని చిట్లవచ్చు. నాడి దెబ్బతిని చూపు పోవచ్చు. అందుకే ముందుగా సి.టి. స్కాన్ తీసి, ఆ రోగి పుర్రె ఎలా ఉందో పరిశీలిస్తారు. 1971లో తొలిసారి రోగికి వాడిన ఈ పద్ధతిని రూపొందించినందుకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

మీరూ ఒక పరీక్ష చేయండి. బొటనవేలిని చిటికెన వేలికి తాకించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మణికట్టు నడుమ ఒక కండరపు కొస తాడులా పైకి లేస్తుంది. మీ తరగతిలో కొందరికి అది కనిపించకపోవచ్చు. ఆ కండరం లేనివారి చేయి కూడా చక్కగానే పనిచేస్తుంది. తేడా అంటే లోపం కాదు.

పాఠ్యపుస్తకంలో ఒక పటం పక్కన మరో రెండు రూపాలు వేస్తే పిల్లలు తికమకపడతారని కొందరంటారు. ఒకే చెట్టున రెండు ఆకులు అచ్చంగా ఒకేలా ఉండవని ఎరిగిన పిల్లలకు ఇందులో తికమక ఏముంది? పటాన్ని శ్రద్ధగా నేర్చుకోండి. దాని కింద ‘సామాన్యంగా’ అన్న మాట రాసుకోండి. రేపు మీలో ఎవరైనా శస్త్రవైద్యులైతే, ఆ ఒక్క మాట ఒక మనిషి చూపును కాపాడవచ్చు.