తీర్పు రోజున మేలుకునే జనం

వాకపల్లి కేసులో పోలీసులంతా నిర్దోషులని విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2023 ఏప్రిల్ 6న. శ్రీకాకుళం, విజయనగరాల్లో చదువుకున్న మనం ఆ రోజు కోర్టును తిట్టుకున్నాం. అంతకుముందు దాదాపు పదహారేళ్లు మీరెక్కడున్నారని ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాం.

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లికి గాలింపుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచారని పదకొండు మంది కోదు గిరిజన మహిళలు చెప్పారు. పోలీసులు అది అబద్ధమన్నారు, కేసు మూసేయబోయారు. మహిళలు ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరం విని పాడేరు మేజిస్ట్రేటు కోర్టు కేసును విచారణకు తీసుకుంది. 2012లో హైకోర్టు కొందరిని తప్పించి పదమూడు మందిని విచారించవచ్చంది. 2017లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ముగించమంది. అయినా తీర్పుకి 2023 దాకా పట్టింది.

ఆ తీర్పులో మనం తిట్టడానికి పనికొచ్చే ముక్కే పట్టుకున్నాం, మిగతాది వదిలేశాం. కేసు వీగిపోవడానికి దర్యాప్తే కారణమని జడ్జి తప్పుపట్టారు. దర్యాప్తు అధికారిపై చర్యకు సిఫారసు చేశారు. నిందితులు విడుదలైనా బాధితులకు పరిహారం అందేలా చూడమని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పారు. నిందితుడు విడుదలైన కేసులోనూ పరిహారానికి సిఫారసు చేసే అధికారం అప్పటి నేర విచారణ స్మృతి 357-ఎ సెక్షన్ ట్రయల్ కోర్టుకు ఇచ్చింది.

ట్రయల్ జడ్జికి చట్టం ఇచ్చినది తక్కువేం కాదు. అదే స్మృతి 311వ సెక్షన్ కింద ఏ దశలోనైనా సాక్షిని పిలిపించగలిగేవారు. 319 కింద ఛార్జిషీటులో లేనివాణ్ని కూడా ముద్దాయిగా చేర్చగలిగేవారు. అప్పటి సాక్ష్య చట్టం 165 కింద తమకు తోచిన ప్రశ్న వేయగలిగేవారు. కానీ మొదటి వారాల్లో గుర్తింపు పరేడు జరగకపోతే, ఏళ్లు గడిచాక బోనులో నిలబడ్డ ఆమె ఎవరిని చూపించగలదు? జడ్జి చేతిలో ఎన్ని సెక్షన్లున్నా పోయిన ఆ వారాలు తిరిగి రావు.

ఆ వారాల్లో ఉండాల్సింది మనం. దర్యాప్తు సరిగ్గా సాగేలా 156(3) కింద మేజిస్ట్రేటు చూడవచ్చని సకీరి వాసు కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులోనే చెప్పింది. వాకపల్లి జరిగి అప్పటికి నాలుగు నెలలు కాలేదు. ఆ మాట పట్టుకుని మన బార్ అసోసియేషన్ల నుంచి ఎందరు కొండెక్కారు? మానవ హక్కుల వేదిక లాంటి వాళ్లు ఆ మహిళల వెంట నిలబడ్డారు. అది వాళ్ల పనేలే అని మనం ఊరుకున్నాం.

ఇది మనకు కొత్త కాదు. 1967 అక్టోబరు 31న, పార్వతీపురం ఇంకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రోజుల్లో, మొండెంఖల్ గిరిజన సభకు వెళ్తున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల వైపు నుంచి కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత కోర్టులో ముద్దాయిలు విడుదలయ్యారు. ఆ తర్వాతి శ్రీకాకుళం గిరిజన పోరాటం గురించి పాటలు కట్టాం, పుస్తకాలు వేశాం, వర్ధంతులు జరుపుతున్నాం. ఆ కేసులో సాక్ష్యం ఎక్కడ తెగిందో చదివినవాళ్లు మనలో ఎందరు?

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి విగ్రహాలకు దండలేస్తాం. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. సాక్షి మాటను వీలైతే ఆ సాక్షి భాషలోనే నమోదు చేయవచ్చని అప్పటి నేర విచారణ స్మృతి 277వ సెక్షన్ అనేది. మన కోర్టుల్లో సవర సాక్షి మాట అర్థమయ్యే ప్లీడరు కావాలని ఏ జయంతి సభలోనైనా తీర్మానం చేశామా?

పక్కవాణ్ని చూపించి తప్పించుకునే వీలు లేదు. సాక్షుల విచారణ మొదలయ్యాక రోజూ జరగాలని, ప్లీడరుకు ఇంకో కోర్టులో పని ఉండటం వాయిదాకు కారణం కాదని అదే స్మృతి 309వ సెక్షన్ చెప్పినా, వకీళ్లం వాయిదాలు అడుగుతూనే ఉన్నాం. వకీళ్లకు సమ్మె హక్కు లేదని 2002లో సుప్రీంకోర్టు అన్నా విధుల బహిష్కరణ మానలేదు. విలేకరులం పోలీసులు నిలబెట్టినవాళ్ల ఫోటోలు మర్నాడే అచ్చేసి గుర్తింపు పరేడును ఉత్త తంతు చేశాం. ఉద్యోగులం పంచనామాకు మధ్యవర్తిగా సంతకం పెట్టి, కోర్టుకొచ్చి నాకేం తెలియదన్నాం. ఊళ్లో పెద్దమనుషులం రాజీ కుదిర్చి సాక్షుల్ని అడ్డం తిప్పాం. పాఠకులం అరెస్టు వార్త చదివాం. విచారణ ఏమైందని అడగలేదు.

2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 311 ఇప్పుడు 348, 319 ఇప్పుడు 358. కొత్త పుస్తకాలు కొన్నాం, నంబర్లు బట్టీ పడుతున్నాం. సోదా, స్వాధీనాలను వీడియో తీయాలని 105వ సెక్షన్ అంటోంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని 176 అంటోంది. ఆ వీడియో ఏదని రిమాండు రోజునే అడగాలి. నిపుణులు రాకపోతే ఆ వారంలోనే పిటిషన్ వేయాలి. పార్వతీపురంలోనో, పాలకొండలోనో, పాడేరులోనో ఆ పని చేసేందుకు ఎవరూ లేకపోతే, పదేళ్ల తర్వాత కేసు కొట్టేసిన జడ్జిని తిట్టే హక్కు మనకు ఉండదు.