ఇల్లూ వాకిలీ: ఎండలు ముదరక ముందే



మినుము, పెసర ఇంటికి చేరాయి. మామిడి పూత పిందెకు దిగింది. వేపచెట్లు కొత్త చిగురు తొడిగాయి. తెనాలి వైపు మొక్కజొన్న, జొన్న వేసినవారికి చేలో ఇంకా పని ఉన్నా, మిగిలినవారికి కాస్త ఊపిరి తిరిగే రోజులివి. ఉదయం పదింటిదాకా ఎండ బాధించదు, ముసురు భయం లేదు. ఇంటి బయట పనులకు సంవత్సరం మొత్తం మీద ఇంతకన్నా అనువైన రోజులు దొరకవు.

మనలో ఒక అలవాటు ఉంది. ఇంటి మరమ్మతు అనగానే మనకు క్రిస్మస్ గుర్తుకొస్తుంది. నవంబరు నెలాఖరున సున్నం డబ్బా తీస్తాం. అది తుపానుల కాలం. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అలాంటి రోజుల్లో తడిగోడ మీద వేసిన సున్నం సంక్రాంతి నాటికే పెచ్చులుగా రాలుతుంది. పండుగకు ఇల్లు కడిగి రంగు వేసుకుందాం, తప్పులేదు. కాని కప్పు, గోడ, మురుగుకాలువ పనులు ఇప్పుడే చేసుకుందాం. తుపాను ఇంకా దూరంగా ఉంది కదా అనుకోవద్దు. 1990లో వచ్చిన పెనుతుపాను కృష్ణానది సముద్రంలో కలిసే చోట తీరం దాటింది మే 9న. అంటే మన చేతిలో ఉన్నది నెలా నెలన్నర మాత్రమే.

ముందు ఇంటి చుట్టూ తిరగండి

ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఇంట్లో పెద్దలిద్దరూ కలిసి ఇంటి చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరగండి. కప్పు నుంచి మొదలుపెట్టి సన్‌షేడ్లు, గోడలు, అరుగు, చివరకు మురుగునీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. కనిపించిన ప్రతి లోపాన్నీ రాయండి. తరువాత వాటిని మూడు భాగాలు చేయండి: మనం చేయగలిగినవి, మేస్త్రీని పిలవవలసినవి, వచ్చే సంవత్సరం దాకా ఆగగలిగినవి. డబ్బు ఎంత ఉందో చూసుకుని పైనుంచి కిందికి రండి. కప్పు కారుతుండగా గోడకు రంగు వేస్తే ఆ డబ్బు నీళ్లపాలే.

ఊరిని బట్టి ఇంటి జబ్బు కూడా మారుతుంది. తెనాలి చుట్టుపక్కల నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంగి గోడల్లో బీటలు తెస్తుంది. బాపట్ల వైపు, ముఖ్యంగా సూర్యలంక దారిలోని ఊళ్లలో ఉప్పుగాలికి గేట్లు, కిటికీ ఊచలు, శ్లాబులోని ఇనుము తుప్పు పడతాయి. రేపల్లె దిగువన తీరం దగ్గరి ఊళ్లలో బోరునీళ్లే ఉప్పన. ఆ నీళ్లతో సిమెంటు కలిపితే కొన్నాళ్లకు గోడ మీద తెల్లటి ఉప్పు పూస్తుంది, పూత గుల్లబారుతుంది. సిమెంటు పనికి తాగే నీళ్లే వాడాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులూ అడుగంటుతాయి. అందుకే నీళ్లు పట్టవలసిన పనులు మొదట ముగించండి.

బీటలు

వెంట్రుకంత సన్నని బీటలకు భయపడనక్కరలేదు. బీట రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. రెండు నెలల తరువాత గీత దాటి పాకిందేమో చూడండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట, చిటికెన వేలు దూరేంత వెడల్పైన బీట మన పని కాదు. అనుభవమున్న మేస్త్రీకో ఇంజనీరుకో చూపించాలి.

చిన్న బీటను పైపైన సిమెంటుతో పులమవద్దు, అది నిలవదు. ఉలితో బీటను కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, నీళ్లతో తడిపి, అప్పుడు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి గట్టిగా దట్టించాలి. అరగంటలో వాడుకోగలిగినంతే కలపండి. బిగుసుకుంటున్న సిమెంటులో మళ్లీ నీళ్లు పోస్తే బలం పోతుంది. పని ఉదయం పూట చేసి, వారం రోజులు తడుపుతూ ఉండాలి. తడి గోనెపట్టా కప్పితే నీళ్లు తక్కువ పడతాయి. మూడు నెలలు దాటి నిలవ ఉన్న సిమెంటు బస్తాను నమ్మకండి.

సముద్రపు ఇసుక ఊరికే వస్తుంది కదా అని వాడవద్దు. అందులోని ఉప్పు ఇనుమును తింటుంది. ఏటి ఇసుకనైనా పరీక్షించండి. గాజుగ్లాసులో సగం ఇసుక, పైన నీళ్లు పోసి బాగా కలిపి గంటసేపు కదపకుండా ఉంచితే, ఒండ్రు పైపొరగా తేరుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతును మించితే ఇసుక కడిగి వాడాలి.

గోడ మీద, పిట్టగోడ సందుల్లో మొలిచిన రావిమొక్కను చూసీ చూడనట్టు వదలకండి. పైన కోసేస్తే మళ్లీ వస్తుంది. వేరుతో తీసి, ఆ సందును సిమెంటుతో మూయాలి.

సున్నం, గేటు

సున్నం ముందురోజు సాయంత్రమే నానవేయండి. తొట్టిలో నీళ్లు పోసి అందులోకి సున్నపురాయిని కొద్దికొద్దిగా వేయాలి. అది కుతకుత ఉడుకుతుంది. ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దగ్గరకు రానివ్వవద్దు. కంట్లో పడితే నలపకుండా పావుగంటసేపు ధారగా మంచినీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మర్నాడు గుడ్డతో వడగట్టి, తుమ్మజిగురు గాని గంజి గాని కలిపి, పాత పెచ్చులు గీకిన గోడకు పలచగా రెండు మూడు పూతలు వేయండి. ఒక్క మందపు పూత కన్నా పలచని మూడు పూతలు ఎక్కువకాలం ఉంటాయి.

గేటు తుప్పు మీదే రంగు వేస్తే లోపల తుప్పు పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరిన తరువాత రెండు పూతలు రంగు వేయండి.

కప్పు – మా ఇంట్లో జరిగినది

తాటాకు కప్పులకు ఇది కొత్త ఆకు కట్టుకునే కాలం. పాత ఆకు పెరట్లో గుట్టగా పోసి ఉంచకండి, వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. రేకుల కప్పులకు అంచుల్లోని హుక్కులు, నట్లు బిగించండి. గాలి మొదట పట్టేది అంచునే. రేకు లేవకుండా పైన రాళ్లు పెట్టడం చాలా ఊళ్లలో చూస్తాం. పెనుగాలికి ఆ రాయే వచ్చి మనుషుల మీద పడుతుంది. రాళ్లు దించేయండి.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడం మాకు తేలిక కాదు.

చాలా ఏళ్ల కిందట ఇలాగే ఎండలు మొదలయ్యే రోజులు. మా గొడ్ల సావిడి సిమెంటు రేకు ఒకటి పగిలింది. మా పెద్దబ్బాయికి పదో తరగతి పరీక్షలు ఇంకా పదిహేను రోజులున్నాయి. చదువుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచి, "ఒక్క నిమిషం ఎక్కి ఆ గోనెపట్టా కప్పిరారా" అన్నాం. "రేకు ఆగుతుందా నాన్నా?" అని వాడు అడిగాడు. "నువ్వేమంత బరువు, ఎక్కు" అన్నాం. మూడో అడుగుకు రేకు విరిగింది. పిల్లవాడు గాడి అంచు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ సంవత్సరం పరీక్షలు రాయలేకపోయాడు.

చూడవచ్చిన వాళ్లంతా "కుర్రాడు చూసుకుని అడుగు వేయవద్దా" అన్నారు. మేమూ కొన్నాళ్లు అలాగే అన్నాం, అలా అనుకుంటే మనసుకు తేలికగా ఉండేది. ఒకరోజు కుటుంబ ప్రార్థనలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం వచ్చింది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, లేకపోతే అక్కణ్ణుంచి పడినవాడి ప్రాణం విషయంలో దోషం ఆ ఇంటి మీదికి వస్తుందనీ అందులో ఉంది. పడినవాడిది అజాగ్రత్త అని ధర్మశాస్త్రం అనలేదు, బాధ్యత ఇంటివాడిమీదే పెట్టింది. చదవడం ఆపేశాం. ఆ రాత్రి వాడి మంచం దగ్గర కూర్చుని, "తప్పు మాదిరా, నీది కాదు" అని చెప్పాం. వాడు ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. అన్నాళ్లూ తప్పు తనదేననుకున్నాడట.

కాబట్టి ఈ మాటలు గట్టిగా చెబుతున్నాం. సిమెంటు రేకు మీద ఎవరూ, పిల్లలైనా సరే, అడుగు పెట్టకూడదు. తప్పనిసరైతే కింద దూలాలు ఉన్నచోట ఆనేలా పొడవాటి చెక్కబల్ల వేసి దానిమీదే నడవాలి. పాత రేకుల్లో రాతినార ఉంటుంది. పొడిగా కోస్తే, విరిస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. ముందు తడిపి, ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకుని, విరగకుండా దించండి. నిచ్చెన పన్నెండు అడుగుల ఎత్తున ఆనితే, మొదలు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. కింద ఒక మనిషి పట్టుకోవాలి. కరెంటు తీగ దగ్గర ఇనుప నిచ్చెన వద్దు. గోడ కడిగేముందు మెయిన్ ఆపండి.

మురుగునీళ్లు

గోడ వెంట మట్టి ఎత్తుచేసి, నీళ్లు ఇంటి నుంచి బయటకు జారేలా వాలు ఇవ్వండి. నల్లరేగడిలో పునాది దగ్గర నీళ్లు నిలవకపోతే సగం బీటలు రావు. కుళాయి దగ్గర మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తవ్వి, అడుగున పెద్ద ఇటుక ముక్కలు, పైన చిన్నవి నింపితే ఇంకుడు గుంట అవుతుంది. తాగునీటి బావికి, బోరుకు దూరంగా తవ్వండి. రేపల్లె వైపు రెండు మూడడుగులకే నీరు ఊరే ఊళ్లలో గుంట పనిచేయదు. అక్కడ ఆ నీటిని అరటిపాదులకు మళ్లించండి.

చివరగా ఒక మనవి. మీ వీధిలో ఒంటరిగా ఉన్న మామ్మగారి ఇల్లు కూడా ఒకసారి చుట్టి చూడండి. ఆమె నిచ్చెన ఎక్కలేదు, నోరు తెరిచి అడగదు. సంఘంలోని యౌవనస్థులు నలుగురు ఒక్క శనివారం ఉదయం ఇస్తే ఆ కప్పు ఈ ఏడాది కారదు. వెళ్లేటప్పుడు చెక్కబల్ల మరచిపోవద్దు.

మా పెద్దబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఏటా ఈ రోజుల్లో రెండు దినాలు సెలవు పెట్టి వచ్చి, మాతో కలిసి ఇంటి చుట్టూ తిరుగుతాడు. చలికాలంలో ఆ కాలు ఇప్పటికీ సలుపుతుందని కోడలు చెబుతుంది, వాడు చెప్పడు. మొన్న వచ్చినప్పుడు సావిడి పని మొదలుపెట్టేముందు వాడి కొడుకు నిచ్చెన మొదటి మెట్టు ఎక్కాడు. వాడు పిల్లవాణ్ణి ఎత్తి కిందికి దించి, "ముందు బల్ల తీసుకురండి నాన్నా" అన్నాడు. వెళ్లి తీసుకొచ్చాం.