బోరు నీళ్లు కృష్ణవి కావట!

ఎండాకాలంలో హైదరాబాద్ మధురానగర్ సందులోకి బోరు బండి వచ్చిందంటే వీధి మొత్తానికీ తెలుస్తుంది. ముందుగా ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డ చోట ముగ్గుపిండితో గుర్తు పెడతారు. ఇక రొద మొదలు. బండి వెళ్లేసరికి చుట్టుపక్కల స్కూటర్ల మీద బూడిదరంగు రాతి పొడి. జల పడకపోతే ఇంకో రెండొందల అడుగులు దింపమంటారు, అడుగున సముద్రమేదో ఉన్నట్టు.

అడుగున ఉన్నది గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న మెత్తబడ్డ పొరలో, ఆ కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లూ తగ్గిపోతాయి. వంద బిందెలు పట్టేంత మేర ఆ పైపొరను పిండినా చేతికొచ్చేది రెండు మూడు బిందెలే.

కొబ్బరికాయను చూసి నవ్వే చదువరులకూ ఒక మూఢనమ్మకం ఉంది: నది నీళ్లు వేరు, నేలలో నీళ్లు వేరు అని. దానికి ఏకంగా రాజముద్రే పడింది. కృష్ణా బేసిన్‌లో ఏ రాష్ట్రం భూగర్భ జలం తోడుకున్నా దాన్ని నది నీటి వాడకంగా లెక్కించరాదని, కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1976 తుది ఉత్తర్వులో రాసింది. మరి 75 శాతం విశ్వసనీయతతో అదే ట్రిబ్యునల్ తేల్చిన 2,060 టీఎంసీలు ఎక్కడివి? 1894-95 నుంచి 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలోవి. వానలు ఆగాక ఏట్లో పారేది చాలావరకు నేలలోంచి ఊరి వచ్చిన నీరే కాబట్టి ఆ ఊట 2,060లో అప్పటికే కలిసి ఉంది. దాన్ని నది పేరున ఒకసారి పంచి, బోర్లకు మళ్లీ ఊరికే వదిలేశారు. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేయడం ఇది. హైదరాబాద్ వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

భూగర్భ జలాలకు వేరే అంచనా ఉంది కదా అంటారు. ఉంది. కేంద్రం పద్ధతిలో ఏటా నేలలోకి ఇంకే నీటిలోంచి, సహజంగా బయటికి పోయే వాటా కింద 5 లేదా 10 శాతం పక్కన పెట్టి, మిగతాదంతా తోడుకోదగ్గదే అంటారు. అందులో 70 శాతం దాటకుండా తోడితే ఆ ప్రాంతం ‘సేఫ్’. ఏటికి ఎంత ఊట అవసరమో ఏరును కొలిచి తేల్చిన అంకె కాదు ఆ అయిదూ, పదీ.

మధురానగర్ పక్కనే సినిమా పనివాళ్ల కృష్ణానగర్. గట్టి వాన పడితే అక్కడి రోడ్డే ఏరు. ఆ నీరు హుస్సేన్ సాగర్ మీదుగా మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి చేరుతుంది. నాగార్జున సాగర్ నుంచి పైపుల్లో నగరానికి ఎక్కించే నీరు కృష్ణ ఖాతాలో పడుతుంది. అదే కృష్ణలోకి చేరాల్సిన ఊట మధురానగర్ బోరులో లేస్తే ఏ ఖాతాలోనూ పడదు. ఏప్రిల్‌లో మూసీకి ఎంత ఊట దక్కాలో ముందు తేల్చి, ఆ తర్వాతే బోర్ల వాటా లెక్క కట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.